ఎత్తు మారితే జెట్టింగ్ (కార్బురేటర్ జెట్ల సైజు) ఎంత మార్చాలి? (మెయిన్ 110, పైలట్ 38, సముద్రమట్టం నుంచి 4500 మీటర్ల దాకా)

#1 నాలుగోగేరు

150 సీసీ, సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్ బండి. కార్బురేటర్ సీవీ (గాలి లాగుడుతో పిస్టన్ లేచే రకం) కాదు, కేబుల్ లాగితే గాలి దారిని తెరిచే స్లైడు నేరుగా లేచే రకం. మెయిన్ జెట్ (పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు వదిలే రంధ్రం) 110, పైలట్ (ఐడిలింగ్‌కు వదిలేది) 38. స్లైడుకు వేలాడే సూది మీద క్లిప్ ఐదు గాట్లలో మధ్య గాటులో ఉంది. మిక్చర్ స్క్రూ ఇంజన్ వైపు ఉంది, రెండు చుట్లు విప్పి ఉంది. సముద్రమట్టానికి దగ్గర్లో, 30 డిగ్రీల వేడిలో ఎక్కడా లోపం లేదు.

ఇప్పుడు ఈ బండి 3500 మీటర్ల ఎత్తున పది రోజులు తిరగాలి. మధ్యలో 4500 మీటర్ల కనుమ రెండుసార్లు దాటాలి. ఏ జెట్లు పట్టుకెళ్ళాలి? ఎక్కడ మార్చాలి? తిరిగి దిగేటప్పుడు ఏ ఎత్తులో పాతవి వేసేయాలి? అంచనాలు కాకుండా లెక్కతో చెప్పగలిగేవాళ్ళు చెప్పండి.

#2 స్లైడు28

మెయిన్ మూడు సైజులు తగ్గించు, క్లిప్ ఒక గాటు పైకి, స్క్రూ అర చుట్టు లోపలికి. వెయ్యి మీటర్లకు ఒక సైజు అనుకుంటే చాలావరకు సరిపోతుంది. అక్కడికెళ్ళాక ప్లగ్ చూసి సర్దుకోవచ్చు.

#3 వెంచురి

స్లైడు28 చెప్పిన దిశ సరైనదే. కానీ 'ఒక సైజు' అంటే ఒక జెట్ సెట్‌లో 2 తేడా, ఇంకో సెట్‌లో 5 తేడా. కాబట్టి లెక్క వేద్దాం.

ఒకే థ్రాటిల్, ఒకే ఆర్పీఎం దగ్గర ఇంజన్ పీల్చే గాలి ఘనపరిమాణం ఎత్తుతో మారదు. మారేది గాలి సాంద్రత. అంటే వెంచురిలో (కార్బురేటర్‌లో గాలి దారి సన్నబడే చోట) గాలి వేగం అంతే, బరువు మాత్రం తక్కువ. జెట్ మీద పడే లాగుడు కూడా సాంద్రత తగ్గినంతే తగ్గుతుంది. అయితే రంధ్రం గుండా వచ్చే పెట్రోలు లాగుడుకు నేరుగా తగ్గదు, దాని వర్గమూలంతో తగ్గుతుంది. గాలి 30 శాతం తగ్గిన చోట పెట్రోలు 16 శాతమే తగ్గుతుంది. ఎత్తుకు వెళ్తే బండి రిచ్ (గాలికి తగినదానికంటే పెట్రోలు ఎక్కువ) అవ్వడానికి మూలం ఇదే.

మీ అంకెలు పెట్టి చూద్దాం. 3500 మీటర్ల దగ్గర ప్రామాణిక వాతావరణ పీడనం దాదాపు 658 హెక్టోపాస్కల్స్, సముద్రమట్టం దగ్గర 1013. ఉష్ణోగ్రత కింద 30, పైన 10 అనుకుందాం. ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చి (303, 283) లెక్కిస్తే సాంద్రత నిష్పత్తి 0.695. దాని వర్గమూలం 0.834. పూర్తి థ్రాటిల్‌లో కింద మిక్చర్ 13 (బరువులో ఒక వంతు పెట్రోలుకు 13 వంతుల గాలి) ఉందనుకుంటే, అదే 110 జెట్‌తో పైన 10.8 అవుతుంది. అంతటి రిచ్‌లో బండి ముక్కుతుంది, పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ మసి పడుతుంది.

దీన్ని సరిచేయాలంటే జెట్ రంధ్రం వైశాల్యాన్ని 0.834 వంతుకు తేవాలి. వైశాల్యం వ్యాసానికి వర్గం కాబట్టి వ్యాసాన్ని 0.834కి వర్గమూలం, అంటే 0.913తో గుణించాలి. 110 × 0.913 = 100.4. పైలట్ 38 × 0.913 = 34.7, అంటే 35.

కనుమ మీద 4500 మీటర్లు, సున్నా డిగ్రీలు అనుకుంటే గుణకం 0.892. మెయిన్ 98 వస్తుంది. కానీ రెండు గంటల కనుమ కోసం జెట్ మార్చక్కర్లేదు.

చల్లదనాన్ని లెక్కలోంచి వదిలేయకండి. పది డిగ్రీలు చల్లబడితే గాలి మూడున్నర శాతం దాకా చిక్కబడుతుంది. ఎత్తు ఒక్కటే చూసి జెట్ తగ్గించేవాళ్ళు పొద్దున్నే గడ్డకట్టే చలిలో లీన్‌లో (పెట్రోలు తక్కువైన మిక్చర్‌లో) పడేది ఇందుకే.

#4 హెక్స్‌జెట్

వెంచురి గారూ, నా లెక్కలో 110 × 0.834 = 91.7 వస్తోంది. 92.5 జెట్ వేయాలి కదా? మీ 100కీ నా 92.5కీ మధ్య చాలా తేడా ఉంది.

#5 వెంచురి

మీ లెక్క తప్పు కాదు, అది వేరే రకం జెట్‌కు చెందింది. జెట్ మీద కొట్టిన అంకె అన్నిచోట్లా ఒకే అర్థంలో ఉండదు. కెయిహిన్ జెట్ల మీద అంకె రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 110 అంటే 1.10 మిల్లీమీటర్లు. మికునీ షడ్భుజి తల జెట్ల మీద అంకె ప్రవాహం, నిమిషానికి ఇన్ని సీసీలని. ప్రవాహపు అంకెను నేరుగా 0.834తో గుణించాలి. వ్యాసపు అంకెను 0.913తో గుణించాలి.

వ్యాసపు జెట్ ఉన్న బండిలో 110 తీసి 92 వేస్తే రంధ్రం వైశాల్యం 30 శాతం పడిపోతుంది. 3500 మీటర్ల దగ్గర మిక్చర్ 15.5 అవుతుంది. పూర్తి థ్రాటిల్‌లో ఎక్కుడు ఎక్కుతుంటే పిస్టన్‌కు ప్రాణం మీదికి వస్తుంది. ఒక కంపెనీ జెట్ తీసి ఇంకో కంపెనీది అదే అంకె చూసి వేయడం కూడా ఇలాంటి తప్పే.

#6 స్లైడు28

ఒప్పుకుంటాను. వ్యాసపు జెట్లకు గుర్తుంచుకోవడానికి సులువైన లెక్క: వెయ్యి మీటర్లకు రెండున్నర శాతం. ప్రామాణిక వాతావరణంలో గుణకాలు 1000కి 0.976, 2000కి 0.952, 3000కి 0.928, 4000కి 0.904 వస్తాయి. ప్రవాహపు జెట్లకైతే వెయ్యి మీటర్లకు దాదాపు అయిదు శాతం.

#7 నాలుగోగేరు

మా జెట్లు వ్యాసపు అంకెవే. దొరికేవి 100, 102, 105, 108, 110. లెక్క ప్రకారం 100 రావాలి. 102 వేస్తే నష్టమా?

#8 వెంచురి

102 వేయండి. లెక్కకు కాస్త పైన ఉండటమే మంచిది. ఒకే బండికి మూడు జెట్లతో మిక్చర్ ఎక్కడెక్కడ ఎలా ఉంటుందో చూడండి (కింద 110తో 13 అనే ఆధారం మీద, ఎత్తుకు తగ్గట్టు చల్లదనం కలిపి):

110: సముద్రమట్టం 13.0, 2000 మీ. 11.7, 3500 మీ. 10.8, 4500 మీ. 10.3
105: సముద్రమట్టం 14.3, 2000 మీ. 12.9, 3500 మీ. 11.9, 4500 మీ. 11.3
102: సముద్రమట్టం 15.1, 2000 మీ. 13.6, 3500 మీ. 12.6, 4500 మీ. 12.0

102తో 3500 నుంచి 4500 దాకా మొత్తం నడిచే మిక్చరే. కానీ అదే జెట్‌తో సముద్రమట్టానికి దిగి పూర్తి థ్రాటిల్ పట్టుకుంటే 15.1. రిచ్ బండి ముక్కుతుందే గానీ చావదు. లీన్ బండి హాయిగా, తేలిగ్గా పరిగెత్తుతూ ఉండగానే పిస్టన్ కరిగిపోతుంది. అందుకే పైకి ఎక్కేటప్పుడు ఆలస్యంగా మార్చినా పర్వాలేదు, దిగేటప్పుడు ముందే మార్చాలి. 2000 మీటర్లకు చేరేసరికి 110 తిరిగి లోపల ఉండాలి.

ఒకే రోజులో పైకెక్కి దిగిపోయే ప్రయాణమైతే 102 జోలికి పోకుండా 105తో సరిపెట్టుకోమంటాను. పైన కొంచెం బరువుగా లాగుతుంది, అంతే.

#9 రెండుస్ట్రోకు

టూ స్ట్రోక్ వాళ్ళు ఈ చర్చ చదువుతుంటే #8ని రెండుసార్లు చదవాలి. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే బండిలో మిక్చర్ లీన్ అయితే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. వేడి పెరిగే సమయానికే జారుడు తగ్గుతుంది. పిస్టన్ పట్టేసేది అక్కడే. దాని మీద పొడవైన దిగుడులో థ్రాటిల్ మూసి గేరులో దింపుతుంటే సిలిండర్‌కు ఆయిల్ దాదాపు అందదు. మధ్యమధ్య క్లచ్ పట్టి రెండు క్షణాలు థ్రాటిల్ తెరవాలి.

ఇంకో ముఖ్యమైన తేడా. టూ స్ట్రోక్ బండ్లలో ఎక్కువగా ఉండేది ఎయిర్ స్క్రూ, స్లైడుకు ఫిల్టర్ వైపున. దాన్ని విప్పితే లీన్. నాలుగోగేరు గారి బండిలో ఉన్నది ఇంజన్ వైపు స్క్రూ. అది పెట్రోలును కొలుస్తుంది, విప్పితే రిచ్. ఎత్తుకు వెళ్తే ఎయిర్ స్క్రూను బయటికి, మిక్చర్ స్క్రూను లోపలికి తిప్పాలి. ఏది ఏ వైపున ఉందో చూడకుండా చెయ్యి పెట్టకండి.

#10 నాలుగోగేరు

క్లిప్ విషయం ఎవరూ తేల్చలేదు. మెయిన్, పైలట్ రెండూ మారిస్తే సూదిని కూడా దించాలా?

#11 గాజుగ్లాసు

దించాలి, కానీ మెయిన్ కుదిరాకే. థ్రాటిల్ గ్రిప్ మీద చిన్న టేప్ ముక్క అంటించి, మూసిన స్థానం, పావు, అర, ముప్పావు, పూర్తి గుర్తులు పెట్టుకోండి. మొదటి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్, స్క్రూల పాలన. ఎనిమిదో వంతు నుంచి పావు దాకా స్లైడు కోత (స్లైడు అడుగు అంచున ఉండే కోత). పావు నుంచి ముప్పావు దాకా సూది, అది కదిలే గొట్టమైన నీడిల్ జెట్. ఆపైన మెయిన్. హద్దులు ఒకదాని మీదికి ఒకటి జరుగుతుంటాయి. అయినా బండి ఎక్కడ తన్నుతోందో ఈ గుర్తులే చెప్తాయి.

క్లిప్ పై గాటులోకి వెళ్తే సూది కిందికి దిగుతుంది, మధ్య థ్రాటిల్‌లో లీన్ అవుతుంది. మామూలు నడకలో బండి ఎక్కువసేపు ఉండేది ఈ భాగంలోనే, పెట్రోలు ఖర్చు తేలేది కూడా ఇక్కడే. 3500 దగ్గర ఒక గాటు పైకి సరిపోతుంది. దాంతో సగం థ్రాటిల్‌లో ఎక్కుతున్నప్పుడు బండి ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు అనిపిస్తే లీన్ అయింది. అప్పుడు క్లిప్ కింద అర మిల్లీమీటరు వాషర్ వేసి సూదిని సగం గాటు లేపాలి.

స్లైడు కోతను ముట్టుకోకండి. ఎత్తు కోసం స్లైడు కొనడం దండగ.

#12 సీవీ_పిస్టన్

నా కార్బురేటర్ సీవీ. ఎత్తుకు తనంతట తానే సర్దుకుంటుందని, ఏమీ మార్చక్కర్లేదని చదివాను. నిజమేనా?

#13 వెంచురి

సగం నిజం. సీవీలో పిస్టన్‌ను లేపేది వెంచురిలోని పీడన తేడా. గాలి పలచబడితే అదే తేడా రావడానికి గాలి ఇంకా వేగంగా పోవాలి, కాబట్టి పిస్టన్ కొంచెం తక్కువ లేస్తుంది. సూది లావు భాగం జెట్‌లో ఉండిపోయి మిక్చర్‌ను కాస్త వెనక్కి లాగుతుంది. మధ్య థ్రాటిల్‌లో ఈ సర్దుబాటు బాగా తెలుస్తుంది. కానీ పిస్టన్ పూర్తిగా లేచాక అది మామూలు కార్బురేటరే, మెయిన్ జెట్ లెక్క మారదు. పైలట్ వైపూ అంతే.

సీవీ సూదుల్లో చాలావాటికి గాట్లు ఉండవు. వాషర్ వేస్తే సూది లేస్తుంది, అంటే రిచ్. మనకు కావాల్సింది దించడం. సూది తల కింద ఉండే ప్లాస్టిక్ స్పేసర్ బదులు దానికంటే పలచనిది వేయాలి. పిస్టన్ తిరిగి పెట్టేటప్పుడు డయాఫ్రం (పిస్టన్‌కు పైనున్న రబ్బరు పొర) అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. ఒక్కచోట మడత పడినా పిస్టన్ లేవదు, నేరం జెట్ మీద పడుతుంది.

#14 స్లైడు28

జెట్ మార్చే పని గురించి కూడా రాయాలి. తప్పులన్నీ అక్కడే జరుగుతాయి.

ఇంజన్ చల్లారాక పెట్రోలు ట్యాప్ మూసి, బౌల్ (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలు సీసాలోకి దించండి. కొన్ని కార్బురేటర్లకు బౌల్ అడుగున 17 మిల్లీమీటర్ల పెద్ద నట్ ఉంటుంది. అది విప్పితే బౌల్ తీయకుండానే మెయిన్ జెట్ అందుతుంది. లేకపోతే నాలుగు స్క్రూలు తీయాల్సిందే. జపాన్ తయారీ కార్బురేటర్ల స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, తల నలిగిపోతుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి.

జెట్ ఇత్తడి. గాడికి నిండుగా సరిపోయే బ్లేడుతో, జెట్‌కు నేరుగా నొక్కి పట్టి తిప్పండి. మెయిన్ విప్పుతుంటే దాని వెనకున్న గొట్టం కూడా కలిసి తిరుగుతుంది కొన్నిసార్లు. దాన్ని స్పానర్‌తో పట్టుకోవాలి. బిగించేటప్పుడు కూర్చున్నాక రెండు వేళ్ళ బలం చాలు.

మిక్చర్ స్క్రూ లోపలికి తిప్పి కొలిచేటప్పుడు అడుగున మెత్తగా తగలగానే ఆపేయండి. అక్కడ ఒక్క పావు చుట్టు బలంగా తిప్పితే సూదిమొన స్క్రూకు రింగులా గీత పడుతుంది, లేదా మొన విరిగి రంధ్రంలో ఉండిపోతుంది. ఆ తర్వాత ఎన్ని చుట్లు లెక్కపెట్టినా ఐడిలింగ్ కుదరదు.

డ్రిల్లుతో జెట్ రంధ్రం పెంచడం, తీగతో పొడవడం, టంకం పెట్టి తగ్గించడం వద్దు. 1.02కి, 1.05కి మధ్య తేడా మిల్లీమీటరులో మూడు నూరో వంతులు. తీగ గీత ఒక్కటి చాలు ఆ లెక్క పాడవ్వడానికి.

#15 హెక్స్‌జెట్

ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే లీన్ అవుతుంది కదా, జెట్ మార్చే పని తప్పుతుందని కొందరు చేస్తారు. ఎంతవరకు సరి?

#16 గాజుగ్లాసు

వద్దు. ఎంత లీన్ అవుతుందో చేతిలో ఉండదు, ఆర్పీఎంను బట్టి మారుతుంది. దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. రింగులు అరిగిపోయాక జెట్ ఖర్చు ఏ లెక్కలోకీ రాదు. దీనికి తిరగేసిన సంగతి ఒకటుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే బండి రిచ్ అవుతుంది, అది ఎత్తు వల్ల అనుకుని జెట్ తగ్గిస్తారు. ఫిల్టర్ శుభ్రం చేసిన రోజు లీన్ బయటపడుతుంది. జెట్ ముట్టుకునే ముందు ఫిల్టర్, ఫ్లోట్ లెవెల్ (బౌల్‌లో పెట్రోలు మట్టం), వాల్వ్ క్లియరెన్స్, బౌల్ గాలి గొట్టం చూసుకోవాలి.

ఆ గాలి గొట్టం గురించి ఒక మాట. బౌల్‌లో పెట్రోలు మీద బయటి పీడనం ఉంటేనే వెంచురి లాగుడుకు అర్థం ఉంటుంది. ఆ సన్నని రబ్బరు గొట్టం మడత పడినా, బురదతో మూసుకుపోయినా పెట్రోలు రావడం క్రమంగా తగ్గి, కాసేపు పోయాక బండి ఆగిపోతుంది. ట్యాంక్ మూత తెరిచినా తేడా లేకపోతే ఈ గొట్టం చూడండి.

#17 జనరేటర్_గది

బండ్ల సంగతి సరే. 2.5 కిలోవాట్ల పెట్రోలు జనరేటర్ 3000 మీటర్ల దగ్గర శాశ్వతంగా పెట్టాలి. లోడ్ పడగానే నల్లపొగ, ప్లగ్ వారానికోసారి మసి. జెట్ మారిస్తే పూర్తి లోడ్ లాగుతుందా?

#18 రెండుస్ట్రోకు

లాగదు. జెట్ మారిస్తే పొగ పోతుంది, ప్లగ్ బతుకుతుంది, పెట్రోలు మిగులుతుంది. గాలి లేక పోయిన బలం మాత్రం రాదు. చిన్న ఇంజన్ల మాన్యువల్స్‌లో సాధారణంగా ఉండే లెక్క ప్రతి 300 మీటర్లకు మూడున్నర శాతం. 3000 దగ్గర మూడో వంతు పోయినట్టే. 2.5 బదులు 1.6 కిలోవాట్లకు మించి లోడ్ పెట్టకండి. 1500 మీటర్లు దాటి ఎప్పుడూ నడిపే యంత్రానికి ఎత్తు జెట్ వేయమని ఆ మాన్యువల్సే చెప్తాయి. ఆ జెట్‌తో తిరిగి కింద నడిపితే వేడెక్కి ఇంజన్ పాడవుతుందనీ హెచ్చరిస్తాయి. జనరేటర్ మీద 'ఎత్తు జెట్ ఉంది' అని పెయింట్‌తో రాసి ఉంచండి, రేపు దాన్ని కిందికి తీసుకెళ్ళేది మీరే కాకపోవచ్చు.

జెట్ వేశాక లోడ్ లేనప్పుడు ఇంజన్ ఒకసారి లేచి ఒకసారి పడుతుంటే గవర్నర్‌ను (ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే భాగాన్ని) తిప్పకండి. పైలట్ రంధ్రం మూసుకుని లీన్ అయింది, ముందు దాన్ని శుభ్రం చేయండి.

#19 సీవీ_పిస్టన్

ప్లగ్ చూసి సర్దుకోవాలని అందరూ అంటున్నారు. పింగాణీ తెల్లగా ఉంది, బండి మాత్రం ముక్కుతోంది. ఏది నమ్మాలి?

#20 గాజుగ్లాసు

ఇప్పటి సీసం లేని పెట్రోలుతో పింగాణీ మొన రంగు పెద్దగా చెప్పదు. చూడాల్సింది అడుగున, పింగాణీ ఇనుప గుల్లలోకి దిగేచోట. అదే ఎత్తులో కొత్త ప్లగ్ వేసి, ఎక్కుడు మీద మూడో గేరులో పూర్తి థ్రాటిల్ పది సెకన్లు పట్టి, కిల్ స్విచ్ కొట్టి అదే క్షణంలో క్లచ్ పట్టాలి. ఐడిలింగ్‌కు రానిచ్చి ఆపితే పైలట్ మసి చూస్తారు, మెయిన్‌ది కాదు. టార్చి వేసి భూతద్దంతో చూస్తే అడుగున సన్నని పొగరంగు రింగు ఉండాలి. రింగు అసలు లేకపోతే లీన్. వెడల్పుగా, మసిగా ఉంటే మెయిన్ ఇంకా పెద్దదే.

సైలెన్సర్ పొగను బట్టి మిక్చర్ అంకె చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకోగలిగితే ఇదంతా ఒక్క చూపులో తేలిపోతుంది. పూర్తి థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 వరకు చూసుకోండి.

ఇంకోటి. ఇథనాల్ కలిసిన పెట్రోలు మిక్చర్ అంకెను కదిలిస్తుంది. శుద్ధ పెట్రోలుకు సమతుల్య నిష్పత్తి (పెట్రోలూ గాలీ రెండూ మిగలకుండా కాలే మిక్చర్) 14.7, పది శాతం ఇథనాల్‌కు దాదాపు 14.1. అంటే అదే జెట్‌తో నాలుగు శాతం లీన్. కింద ఒక రకం, పైన ఒక రకం పోస్తే ఈ తేడా కూడా జెట్ లెక్కలో పడుతుంది.

#21 నాలుగోగేరు

దిగుడులో థ్రాటిల్ ఎలాగూ మూసే ఉంటుంది, మెయిన్ పని చేయదు. అయినా 2000 దగ్గర ఆగి మార్చాలా?

#22 వెంచురి

మార్చాలి. దిగుడు అయిపోయాక చదును రోడ్డు వస్తుంది, చెయ్యి దానంతటదే థ్రాటిల్ నిండా తిప్పుతుంది. ఇక పైలట్ దిగుడులోనే కబురు చెప్తుంది. సైలెన్సర్‌లో టపటప శబ్దం, థ్రాటిల్ వదిలినా ఆర్పీఎం దిగకుండా కాసేపు వేలాడటం. ఆ రెండూ కనిపిస్తే పైలట్ లీన్ అయింది, స్క్రూ తిప్పడం అప్పటికే ఆలస్యమైందని అర్థం.

#23 నాలుగోగేరు

ఇలా చేస్తాను. 2000 దాకా 110తోనే ఎక్కి, అక్కడ మెయిన్ 102, పైలట్ 35, క్లిప్ ఒక గాటు పైకి. స్క్రూను రెండు చుట్ల నుంచి ఒకటింపావుకు తెస్తాను. కనుమకు ఏమీ మార్చను. దిగేటప్పుడు మళ్ళీ 2000 దగ్గర అన్నీ వెనక్కి. ముందు స్ప్రాకెట్ 14 బదులు 13 పళ్ళది పైన ఉన్నంతకాలం. సరేనా?

#24 వెంచురి

స్ప్రాకెట్ మంచి ఆలోచన, దాదాపు ఎనిమిది శాతం లాగుడు వస్తుంది. స్క్రూ మాత్రం తప్పు. ఒకటింపావు అనేది 38 పైలట్ ఉంచేసి స్క్రూతోనే సరిపెట్టుకునేవాళ్ళ లెక్క. 35 వేస్తే రిచ్‌ను జెట్టే తీసేసింది, దాని మీద స్క్రూ కూడా బిగిస్తే రెండుసార్లు తగ్గించినట్టు. రెండు చుట్ల నుంచే మొదలుపెట్టండి. ఇంజన్ పది నిమిషాలు వేడెక్కాక ఐడిల్ స్క్రూతో ఆర్పీఎం స్థిరంగా పెట్టి, మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, ప్రతిసారీ పది సెకన్లు ఆగి, ఆర్పీఎం ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ వదిలేయండి. పెరిగిన ఐడిల్‌ను తర్వాత దించుకోవచ్చు. ఆ గరిష్ఠం ముప్పావు చుట్టు లోపు వస్తే 35 కూడా పెద్దదే. మూడు చుట్లు దాటితే 38 తిరిగి వేసి, అప్పుడు ఒకటింపావు ప్రయత్నించండి.